ఐసు డబ్బా

పైన తలుపు చప్పుడు!

నర్సు మెట్ల మధ్యలో ఆగిపోతుంది. కరెంటు లేదు. లిఫ్టు లేదు. చంకలో ఐసు డబ్బా, దాని మూతకి సీలు.

ఎవరో దిగుతున్నారు... నిదానంగా.

"సిస్టర్!"

పిల్ల బాబాయి గొంతు!

పదమూడేళ్ల పిల్ల. అమ్మా నాన్నా లేరు, బాబాయి ఇంట్లోనే పెరుగుతోంది. కడుపని తెలియగానే స్కూలు వ్యాన్ డ్రైవర్ మీద ఫిర్యాదు ఇచ్చింది ఆయనే. డ్రైవర్ లాకప్‌లో ఉన్నాడు. కోర్టు అనుమతితో ఇవాళ గర్భం తీసేశారు. ఆ పిండాన్ని డీఎన్‌ఏ పరీక్షకి పంపమంది కోర్టు. చేసిందెవరో అదే తేలుస్తుంది.

సాయంత్రం మత్తు దిగాక పిల్ల ఒక్కటే అడిగింది.

"అక్కా... నన్ను మళ్లీ బాబాయి ఇంటికే పంపుతారా?"

ఆ కళ్లు చూశాక ఇంకేం అడగాలి? నర్సు పరుగున వెళ్లి డాక్టరమ్మకి చెప్పింది. ఆవిడ గదిలోకెళ్లి ఎవరికో ఫోన్ చేసి, ఈ డబ్బా చేతికిచ్చి, వరండా అంతా వినబడేలా అంది.

"వెనక మెట్ల మీంచి దిగి ఎస్సైగారికి నీ చేత్తో ఇవ్వు. ఇందులో ఫార్మలిన్ పోయకు. ఇది పాడైతే కేసే లేదు!"

అంత గట్టిగానా? బాబాయి అక్కడే కూర్చున్నాడే!

పరుగు! కింది తలుపు... తోస్తుంది. కదలదు.

బయట తాళం!

"ఎందుకమ్మా పరుగు? నేనేమైనా పులినా?"

చొక్కా జేబులో సెల్‌ఫోన్ లైటు. నవ్వుతున్నాడు. చేతిలో ఆస్పత్రి సీసా. మూత తీసే ఉంది. ఘాటు వాసనకి నర్సు కళ్లు మండుతాయి.

ఫార్మలిన్!

ఆపరేషన్‌లో తీసిన ఏ ముక్కనైనా అలవాటుగా వేసేది అందులోనే. కానీ డీఎన్‌ఏకి అది విషం!

"రోజూ మీరు చేసే పనేగా. ఇవాళా అలవాటుకొద్దీ పోసేశావు. పొరపాటు ఎవరికైనా సహజం."

"వద్దండీ... మీ పిల్లండీ..."

"మా పిల్లే. మా ఇంటి పరువు. మధ్యలో నువ్వెవరు?"

ఒక్క తోపు! తల గోడకి కొట్టుకుంటుంది. డబ్బా లాగేస్తాడు. సీలు తెగుతుంది. సీసా వంగుతుంది... చివరి చుక్క దాకా.

అయిపోయింది. పిల్ల ఆ ఇంటికే వెళ్తుంది.

బయట తాళం తిరుగుతుంది. కింది తలుపు భళ్లున తెరుచుకుంటుంది!

టార్చి వెలుగు. ఎస్సై. ఆమె వెనక డాక్టరమ్మ.

"పొయ్యవయ్యా, ఇంకో సీసా తెప్పించనా?" అంటుంది ఎస్సై. "అందులో ఉన్నది తడి గాజుగుడ్డ. అసలుది ఆపరేషన్ థియేటర్ నుంచే ల్యాబుకి వెళ్లిపోయింది."

అతని చేతిలోంచి సీసా జారి పగులుతుంది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట! తప్పు డ్రైవర్‌దైతే పరీక్షంటే నీకెందుకు భయం? నడు. ఇక పరీక్షకి నీ రక్తం కావాలి."

"పిల్లకి గార్డియన్ని నేను! నా సంతకం లేకుండా..."

"ఇక ఆ సంతకంతో పనిలేదు," అంటుంది ఎస్సై.

నర్సు గోడ పట్టుకుని లేస్తుంది. "నాకు ముందే చెప్పొచ్చు కదా మేడమ్!"

"చెబితే ఇంత భయపడేదానివా?" డాక్టరమ్మ తల దించుకుంటుంది. "నీ భయం చూసే వాడు నమ్మాడు. నన్ను తర్వాత తిట్టు. ముందు పైకెళ్లు."

నర్సు కదలదు.

"వెళ్లు. ఇందాక నువ్వు జవాబు చెప్పకుండా వచ్చేశావట. పిల్ల తలుపు వైపే చూస్తోంది."