పెట్రోలు గదిలో ఆరిన లాంతరు

మడివాళలో హోసూరు రోడ్డు పక్కన బట్టలుతికే ఒక పెట్రోలు వాష్ షెడ్డుండేది. పొద్దుగూకినాక దాని ముందర ఎద్దులు కూడా కండ్లు మూసుకొని నడిచేవంట! అక్కడే ఇస్త్రీ పెద్దమునియప్ప ఒకనాడు బీడీ ముట్టించినాడు… షెడ్డు కప్పు ఎగిరి బొమ్మనహళ్ళిలో పడింది. మునియప్ప మడిచిన చొక్కా విప్పడానికి పెండ్లికొడుకులకు మనసొప్పేది కాదు. అంతటి పనివాడు పోయినా, గది మాత్రం వదల్లేదంటారు.

పంతొమ్మిదొందల యాభై ఎనిమిదిలో ఆ షెడ్డును సొన్నమ్మ చవగ్గా కొనింది. మొగుడు లేడు, ఇంట్లో ఆరు కడుపులు. పట్టుచీరలు, ఉన్నికోట్లు పెట్రోల్లో ఉతికే పని. లైసెన్సు కాగితంలో రెండు షరతులు గట్టివి — గదిలోకి నిప్పు తేరాదు. పెట్రోలు ఆవిరి నేలబారున పాకుతుంది గనక గోడల అడుగునుండే నాలుగు గాలికంతలు మూయరాదు.

సొన్నమ్మ మూసేసింది. ఒకపక్క మార్గశిరం చలి, ఇంకోపక్క దూడలంత పందికొక్కులు! కంతకొక గోనెసంచి కుక్కింది.

ఆ మాపటేళ కబురొచ్చింది — తెల్లారి ఏడింటికే తనిఖీ. సంచులు కంటబడితే లైసెన్సు పోయినట్లే.

"రేత్రిపూట వద్దు వదినా," ఆడబిడ్డ జయమ్మ గొణిగింది. "లోపల ఆయప్ప ఉండాడు."

"ఉండనీలే. నాలుగు సంచులు పీకాల, ఒక చెయ్యి వెయ్యమంటా!"

నోరైతే అనింది గానీ, చీకట్లో పోనీకి ధైర్యం చాల్లేదు. ఒక్కతే లాంతరు పట్టుకొని పోయింది. చీకటి ముందర నిప్పు షరతు ఎవరికి గుర్తుంటుంది?

తాళం తీసింది. తలుపు తోసింది…

గాజు లోపలి దీపం — టక్కున ఆరిపోయింది.

బయట ఆకు కదలడం లేదు. అగ్గిపుల్ల గీసింది. ఫూ… ఆరింది. రెండోది గీసింది. ఫూ…

మూడోది గీస్తుంటే వేళ్ళ మీద చల్లని ఊపిరి తగిలింది. చెవి పక్కనే, కాలిన బట్ట వాసనతో ఒక గొంతు —

"నిప్పు వద్దు తల్లీ…"

అప్పుడు గుప్పుమనింది పెట్రోలు. లోపల ఏదో బొట్టు… బొట్టు… కారుతా ఉండాది.

తాళం ఎట్లా వేసిందో, ఇల్లెట్లా చేరిందో దేవునికే ఎరుక. ఆమె పెట్టిన అరుపుకు బొమ్మసంద్ర దాకా కుక్కలు లేచినాయి! తాళంచెవి తెల్లారేదాకా పిడికిట్లోనే ఉండింది.

పొద్దున ఇన్‌స్పెక్టరు ముందర తాళం తీసి, కండ్లు నేలకేసి నిలబడింది. ఆయన లోపలంతా చూసి, కారిన డ్రమ్ము తట్టి, రాత్రి లాంతరు ఆరి గొంతు వినబడిన సంగతి విని నవ్వినాడు.

"దెయ్యమేందమ్మా? కంతల్లోంచి వచ్చిన గాలి ఆర్పింది. వాటిని తెరిచి పెట్టినావు కాబట్టి బతికినావు." ఇంకోసారి లోపలికి నిప్పు తెస్తే ఊరుకోనని చెప్పి, లైసెన్సు మీద సంతకం పెట్టి పోయినాడు.

తెరిచి పెట్టిందెవరు?

సొన్నమ్మ తలెత్తింది. నాలుగు కంతల్లోంచీ వెలుతురు నేలమీద పడతా ఉండాది. మూలన నాలుగు గోనెసంచులు… అంచుకంచు కలిపి, ఒక్క ముడత లేకుండా, పెండ్లి చొక్కాల మాదిరి ఇస్త్రీ మడత వేసి ఒకదానిమీదొకటి.

పైసంచి మీద చెయ్యి పెట్టింది.

ఇంకా వెచ్చగానే ఉండాది.