మామ్మ బకెట్

కర్ఫ్యూ పెట్టాక ఆ సందులో తలుపులు తీయడానికి వీల్లేదు. అందుకని తిండి తాళ్ల మీద వెళ్లేది. మా వ్యాను చప్పుడు వినగానే కిటికీల్లోంచి బకెట్లు, బుట్టలు, ఒక ఇంట్లోంచైతే పాత స్కూలు సంచీ మెల్లగా దిగేవి. నేను బియ్యం, పప్పు ఉన్న పొట్లం వేసి తాడు రెండుసార్లు లాగేవాణ్ణి. నిండిందని గుర్తు. పైవాళ్లు చేదుకునేవాళ్లు.

వ్యాను తోలేది మా ఆవిడ అన్న. ఆయన నోరు ఊరుకోదు. "ఊరంతటికీ వడ్డిస్తున్నాం బావా, మన ఇళ్లల్లో మాత్రం పొయ్యిలో పిల్లి లేవట్లేదు" అనేవాడు.

నిజమే. పంచేవాళ్లకి పొట్లం ఇవ్వరు. నిన్నటిదాకా మా పాప గంజితో సరిపెట్టుకుంది. పొద్దున అదీ లేదు. నేను బయల్దేరుతుంటే ఏడవలేదు కూడా. ఏడ్చినా బాగుండేది.

చీకటి పడే వేళకి సందు చివరి మేడ దగ్గర ఆగాం. ఒక్క పొట్లమే మిగిలింది. గాలిలో కాలిన టైర్ల వాసన. దాని కింద ఇంకేదో కుళ్లు వాసన. చెత్త ఎత్తేవాళ్లు రావట్లేదు కదా అనుకున్నాను.

మూడో అంతస్తు నుంచి అంచు విరిగిన నీలం బకెట్ దిగింది. మామ్మది. ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు. "చల్లగా ఉండు నాయనా" అన్న మాట మాత్రం రోజూ వినిపించేది.

బావ వ్యాను వెనక్కి తిప్పుతున్నాడు. నేను పొట్లం చొక్కాలో దోపుకున్నాను. ముసలి ప్రాణం, ఎంత తింటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మనిషన్నవాడు అనుకోవాల్సిన మాట కాదది. ఖాళీ బకెట్ తాడే రెండుసార్లు లాగాను.

గిలక కిర్రుమంది... మళ్లీ కిర్రుమంది... ఖాళీ బకెట్ గాలికి ఊగాలి. అది ఊగలేదు. బరువు మోస్తున్నట్టు తాడు బిగిసి, నిదానంగా పైకి వెళ్లింది.

"చల్లగా ఉండు నాయనా."

సిగ్గుతో చెవులు మండాయి. రెండో అంతస్తు కిటికీ సందులోంచి ఒకావిడ గుసగుసగా అడిగింది.

"ఎవరికి బాబూ, తాడు లాగావు?"

"పైన మామ్మకి."

"మామ్మ పోయి నాలుగు రోజులైంది. కర్ఫ్యూ అని పోలీసులు శవాన్ని దించనివ్వలేదు. గదికి బయట తాళం వేశాం... నీకు వాసన రావట్లేదూ?"

నిన్న కూడా వేశాను. మొన్న కూడా. మరి ఎవరు చేదుకున్నట్టు?

తలెత్తాను. పై కిటికీ మూసి ఉంది. తాడు లేదు.

పరుగెత్తి వ్యానెక్కాను. "ఏమైంది బావా?" అన్నాడాయన. "పోనియ్... పోనియ్..."

ఇంటికి చేరేసరికి అన్నం వాసన. పాప బుగ్గకి మెతుకు అంటుకుని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"బియ్యం ఎక్కడివి?"

"మీరు పంపలేదూ?" మా ఆవిడ ఆశ్చర్యపోయింది. "కిటికీ దగ్గరికి బకెట్‌లో దిగాయి. నాలుగు పొట్లాలు, మీరు పంచేవే. పైనుంచి ఎవరో పెద్దావిడ, తీసుకున్నాక రెండుసార్లు లాగమ్మా అంది. ఖాళీగా పంపితే బాగుండదని, అన్నం ఉడికిందాకా ఆగి, పాప తన ముద్ద ఒకటి అందులో వేసి లాగింది."

నాలుగు పొట్లాలు. మామ్మ పోయాక నేను వేసినవి.

మాది ఆఖరి అంతస్తు. మా పైన రేకులు తప్ప ఏమీ లేవు.

కిర్రు... కిర్రు...

అంచు విరిగిన నీలం బకెట్ కిటికీ బయట దిగి నా ఎదురుగా ఆగింది. ఖాళీగా ఉంది. మా ఆవిడ నన్నే చూస్తోంది. చొక్కాలోంచి పొట్లం తీసేటప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను. బకెట్‌లో వేశాను. తాడు రెండుసార్లు లాగాను.

మళ్లీ లాగాను.

పైనుంచి ఏ మాటా వినిపించలేదు. బకెట్ కదల్లేదు.