గోడకు పిండికట్టు

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ప్రసూతి వార్డుకు నూరేళ్ళు దాటాయి. దాని గోడకు గాజుముక్క అతికిస్తున్న మనిషిని చూసి నర్సు హెప్సిబాకు ఒళ్ళు మండింది.

"ఏంది సార్ ఇది? బాలింతలు తిరిగే తావు. ఎవరన్నా చెయ్యి కోసుకుంటే కుట్లు మీరేస్తారా?"

"మీరుండారు కదా సిస్టర్," అన్నాడతను తల తిప్పకుండానే.

పేరు లోకేష్. ఆసుపత్రి నడిపే ట్రస్టువాళ్ళు ప్రొద్దుటూరు నుంచి పంపిన ఇంజనీరు. గోడ బీటల మీద అడ్డంగా గాజుపట్టీలు సిమెంటుతో అతికించి, కింద తేదీ వేస్తున్నాడు. బీట కదిలితే గాజు పగులుతుంది. మూడు నెలలు పగలకపోతే వార్డుకు మరమ్మతులు. పగిలితే కూల్చివేత.

వార్డు పోతే చుట్టుపక్కల పేదవాళ్ళు ఉచిత కానుపు మరిచిపోవలసిందే. అందుకని హెప్సిబా ఆ రోజు నుంచి బాలింతలతోపాటు గాజుపట్టీలకూ రౌండ్సు వేసింది.

ట్రస్టు నెలకోసారి చూడమంది. లోకేష్ వారం వారం వచ్చేవాడు.

"పోయిన బుధవారమే చూస్తిరి గదా సార్?"

"బీటలు క్యాలెండర్ చూసి కదుల్తాయా సిస్టర్?"

మూడు నెలల గడువులో ఆఖరి బుధవారం పొద్దున, బయట వాన. కిటికీ పక్క గాజు రెండుగా పగిలి ఉంది. హెప్సిబా పరుగెత్తింది. ల్యాబులోంచి ఒక గాజు స్లైడు, ఎముకల గదిలోంచి కట్లు కట్టే పిండి గుప్పెడు తెచ్చి, గబగబా అతికించి పాత తేదీ వేసింది.

తడిసి ముద్దయి వచ్చిన లోకేష్, ఆ గాజును గోటితో తట్టాడు.

"నేను సిమెంటుతో అతికించినా. ఇది పిండికట్టు. పనితనం శానా బాగుంది సిస్టర్. ఎన్ని వారాలకు విప్పల్ల?"

ఆమె నవ్వలేదు. "పగిలింది సార్. నేనే దాచిపెట్టినా. పగిలిందనే రాసుకోండి. రేపు కప్పు కూలి ఒక తల్లికేమన్నా అయితే ఆ పాపం నాది."

లోకేష్ వేళాకోళం మానేశాడు. కట్టు ఊడబెరికి, బీటను మూడుసార్లు కొలిచాడు.

"మిల్లీమీటరు కూడా కదల్లేదు. గాజునెవరో కొట్టినారు."

పక్క మంచం దగ్గర పసిగుడ్డుకు గుడ్డ చుడుతున్న సంతోషమ్మ దగ్గింది. ఆమె హెప్సిబాకు అవ్వ. అక్కడే ఆయాగా చేసి రిటైరైనా పెత్తనం వదలని మనిషి.

"నేనే. చేతికర్రతో."

"అవ్వా! కూల్చేస్తారే!"

"నాకేం తెలుసు? పగిల్తే మళ్ళీ మూడు నెలలు చూడల్లంటారు, ఈ అబ్బి మళ్ళీ వస్తాడనుకుంటి. నువ్వేమో మూడు దినాల్నుంచి అన్నంలో చెయ్యి పెట్టి గోడ చూస్తాంటివి."

హెప్సిబాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. లోకేష్ చెవులు ఎర్రబడ్డాయి.

"దెబ్బకు పగిలిందని రాస్తా. వార్డు నిలబడతాది," అన్నాడు. "ఇంక నాకు ఈడికొచ్చే సాకు లేదు సిస్టర్. ఊరికే రావచ్చునా?"

"ఊరికే అంటే?"

"మిమ్మల్ని చూసేదానికి. మాది చక్రాయపేట, గొర్లు మేపే ఇల్లు. మీరు చర్చికి పోతారు, మా అమ్మ గుడికి పోతాది. కష్టమే. అయినా అడుగుతాండా."

హెప్సిబా కిటికీ వైపు తిరిగింది. "వారం వారమేనా?"

"మీరు ఊఁ అంటే రోజూ."

"ఊఁ," అంది, వానకు చెప్పినట్టు.

సంతోషమ్మ బిడ్డను తల్లి చేతిలో పెట్టింది.

"ఆదివారం మీ అమ్మను పిల్చకరా అబ్బీ. దేవుళ్ళ సంగతి దేవుళ్ళు చూసుకుంటారు. సంగటి మాది, పొట్టేలు మీది."