కోదాడకు పోయిన పాముల బస్తా

బస్తా మూతి కుట్టు విప్పగానే పూర్ణిమ కాళ్ల మీద బియ్యం జలజలా రాలాయి.

"బియ్యమేంది!" అని అరిచింది పూర్ణిమ. చెయ్యి లోపలికి పెట్టి వెతికింది. బియ్యం. మోచేయి దాకా పెట్టింది. అక్కడా బియ్యమే.

ఆ బస్తాలో ఉండాల్సింది బియ్యం కాదు, పాములు. కంగారు పడకండి, బుసకొట్టే పాములు కావు, పాముల పుస్తకాలు.

ఆరో తరగతి చదివే పూర్ణిమకు పాములంటే పిచ్చి. మిర్యాలగూడ స్టేషన్ దగ్గర పాత పుస్తకాల బండి కనపడినా, బడిలో పుస్తకాల ఎగ్జిబిషన్ పెట్టినా, ఆమె కళ్లు పాముల కోసమే వెతుకుతాయి. పుట్టినరోజుకు గౌను వద్దని పేచీ పెట్టి పాముల పుస్తకమే కొనిపించుకుంది. నాగుపాముల మీద ఒకటి, సముద్రపు పాముల మీద ఒకటి, ఆఖరికి పాము గుడ్ల మీద కూడా ఒకటి సంపాదించింది.

నానమ్మ ముత్తమ్మకు ఈ వ్యవహారం బొత్తిగా నచ్చదు. ఆమె పాము అనే మాటే పలకదు, పురుగు అంటుంది. "పొద్దుమీకినంక గా పురుగుల బుక్కులు తియ్యకే తల్లీ. పేరు పెట్టి పిలిస్తే వస్తయి" అని రోజూ గొణుగుతుంది.

కానీ పూర్ణిమకు అసలు తలనొప్పి నానమ్మ కాదు, తమ్ముడు కిరణ్. రెండో తరగతి. వాడి చేతికి ఎప్పుడూ ఏదో ఒకటి అంటుకునే ఉంటుంది. మామిడికాయ తొక్కు, బెల్లం, సైకిల్ గ్రీజు. పోయిన నెల కట్లపాము బొమ్మ మీద వాడి బొటనవేలి ముద్ర పడింది, తొక్కు నూనెతో సహా. ఆ రోజుతో పూర్ణిమ ఓపిక నశించింది.

వాళ్ల నాన్న పేరు తిరుపతి. రైస్ మిల్లులో బస్తాలు కుడతాడు. బస్తాలు కుట్టే పెద్ద సూదిని దబ్బనం అంటారు. నాన్న పక్కన కూర్చుని పూర్ణిమ కూడా దబ్బనం పట్టడం నేర్చుకుంది. ఒక ఖాళీ బియ్యం బస్తాలో పుస్తకాలన్నీ పేర్చింది. మూలలు నలగకుండా చుట్టూ పాత చీరలు కుక్కింది. మూతి మడిచి, రెండు వైపులా చెవులు వదిలి, అచ్చం నాన్నలాగే సుతిలితో కుట్టేసింది. వెనక గదిలో బియ్యం బస్తాల పక్కన నిలబెట్టింది.

"ఇగ ఎవడు ముడతడో సూస్త" అనుకుంది.

ఎవరూ ముట్టలేదు. ఆమె కూడా ముట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

పోయిన వారం వాళ్ల సందులో ఒక పామును కొట్టి చంపారు. బడి నుంచి వచ్చిన పూర్ణిమ దాన్ని చూసి ఏడుపు ఆపుకోలేకపోయింది. అది నీరుకట్టు పాము. దానికి విషమే ఉండదు.

"మాకేం ఎరుక బిడ్డా? పాము పాములెక్కనే కనపడె" అంది అమ్మ సరళ.

ఈ రోజేమో మురళీధర్ సార్ ఒక మాట చెప్పాడు. సోమవారం బడిలో పూర్ణిమ పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టి అందరికీ చూపించాలట. అందుకే ఇంటికి వస్తూనే బస్తా విప్పింది. విప్పితే ఇదీ సంగతి.

చప్పుడు విని వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "ఓ పిల్లా, బియ్యమంతా నేలపాలు చేస్తివి గదనే! ఏం దేవులాడుతున్నవ్?"

"నా బస్తా ఏదమ్మా? పుస్తకాల బస్తా!"

"బస్తాల పుస్తకాలేందే? పొద్దుగాల మీ నాయిన ఒక బస్తా కోదాడ బస్సుల ఏసిండు. మీ అత్తకు కొత్త బియ్యం పంపుతమని."

పూర్ణిమ బియ్యం మీదే చతికిలబడింది. అప్పుడే ఫోన్ మోగింది. విజయ అత్త!

"వదినా, బియ్యం పంపించామని చెప్పి పాములు పంపారేంటి!" ఫోన్లోంచి అత్త గొంతు ఇల్లంతా వినపడింది. "మూతి విప్పి చీర లాగానో లేదో, పడగ విప్పిన నాగుపాము! చేతిలో చాట అక్కడే పారేసి వీధిలోకి ఉరికాను. అది పుస్తకం అట్ట అని తెలిసేసరికి వీధంతా మా ఇంట్లోనే ఉంది!"

అమ్మ తల పట్టుకుంది. నానమ్మ చెవులు మూసుకుంది. కిరణ్ బియ్యంలో పడి దొర్లి దొర్లి నవ్వాడు.

పూర్ణిమ ఫోన్ లాక్కుంది. "అత్తా, మళ్ల కుట్టెయ్యి! ఎవ్వర్నీ ముట్టనియ్యకు!"

"ఆ మాట ముందే చెప్పాల్సిందమ్మా. రమ్య అప్పుడే మంచం నిండా పరుచుకుంది."

పూర్ణిమకు ఆ పూట అన్నం సహించలేదు. మిల్లు నుంచి వచ్చిన నాన్న, "నా కుట్టే అనుకున్న బిడ్డా, గంత మంచిగ కుట్టినవ్" అని మెచ్చుకున్నాడు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. మర్నాడు ఒక అట్ట తీసుకుని పెద్ద అక్షరాలతో రాసింది: దూరం నుంచి చూడాలి. ముట్టకూడదు.

ఆదివారం నాన్నా కూతురూ అసలు బియ్యం బస్తాతో కోదాడ బస్సెక్కారు. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. ఆగిన ప్రతిసారీ పూర్ణిమ నిట్టూర్చింది.

అత్త ఇంటి వరండాలో చాప మీద పుస్తకాలన్నీ పరిచి ఉన్నాయి. అత్త కూతురు రమ్యా, పక్కింటి పిల్లలూ బోర్లా పడుకుని చదువుతున్నారు. ఒకడి చేతిలో కొరికిన జామకాయ కూడా ఉంది!

పూర్ణిమ గబగబా వెళ్లి తనకు అన్నిటికంటే ఇష్టమైన నీటిపాముల పుస్తకం లాక్కుంది. తెరిచింది. నీరుకట్టు పాము పేజీ మీద నాలుగు వేళ్ల ముద్రలు. పచ్చగా మెరుస్తున్నాయి.

"పసుపు! ఎవరు చేసిన్రిది?"

రమ్య లేచి నిలబడింది. మూడో తరగతి పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే వదినా. చెయ్యి కడుక్కునే టైము లేదు."

"టైము లేకపోవుడేంది? పుస్తకం ఏమన్న ఉరికిపోతదా?"

"పుస్తకం కాదు. పాము."

విజయ అత్త అందుకుంది. "నిన్న మధ్యాహ్నం మా బాత్రూంలోకి పాము వచ్చిందమ్మా. పక్కింటి మత్తయ్య తాత కర్ర పట్టుకొచ్చాడు. కొట్టేయమనే నేనూ అన్నాను. ఇదేమో వంటింట్లో నాకు పసుపు డబ్బా అందిస్తోంది. డబ్బా అక్కడ పడేసి పుస్తకం పట్టుకుని ఉరికొచ్చింది. కిటికీలోంచి చూడమంది. ఒళ్లంతా గళ్లు, కంటి కింద నల్ల గీతలు. బొమ్మలో ఎలా ఉందో అలాగే ఉంది. 'ఆగు తాతా, ఇది నీరుకట్టు, విషం లేదు' అని కర్ర పట్టుకుని వదల్లేదు."

"తర్వాత?" అంది పూర్ణిమ.

"విషం లేకపోయినా దగ్గరికి పోవద్దని పుస్తకంలోనే ఉందట. వెనక తలుపు తీసి అందరం దూరంగా నిలబడ్డాం. కాసేపటికి దానంతట అదే కాల్వలోకి పోయింది."

పూర్ణిమ ఆ పసుపు ముద్రల మీద వేలు పెట్టింది. తమ సందులో చచ్చిపడి ఉన్న పాము గుర్తొచ్చింది. అమ్మ అన్న మాటా గుర్తొచ్చింది. ఆ రోజు ఈ పుస్తకం ఇంట్లోనే ఉంది, బస్తాలో, గట్టి కుట్టు వెనక. ఆమెకు సిగ్గేసింది.

చున్నీ కొసతో పసుపు తుడవబోయింది. మరక ఇంకా పెద్దదైంది. విసుగ్గా ఆపేసింది.

"నాకు ఇంకా కొన్ని పేజీలు మిగిలినయ్ వదినా" అంది రమ్య భయం భయంగా.

పూర్ణిమ పుస్తకం వైపు చూసింది. రమ్య వైపు చూసింది. గట్టిగా ఊపిరి వదిలి పుస్తకం ఆమె చేతిలో పెట్టింది. "నిదానంగ చదువు. గానీ చేతులు కడుక్కో, సరేనా?"

మిగతావన్నీ బస్తాలో సర్దాక, "దబ్బనం తెచ్చిన, కుట్టాల్నా బిడ్డా?" అని అడిగాడు నాన్న.

"వద్దు నాన్నా. ఊకె తాడుతో కట్టు, చాలు."

సోమవారం బడిలో పుస్తకాలన్నీ బల్ల ఎక్కాయి. పూర్ణిమ తను రాసిన అట్టను తిప్పేసి, వెనక వైపు కొత్తగా రాసింది: చేతులు కడుక్కుని చదవండి.

మురళీధర్ సార్ బల్లంతా చూశాడు. "నీటిపాముల పుస్తకమే అన్నిట్ల ఇష్టమంటివి గద. అదేదమ్మా?"

"కోదాడల డ్యూటీల ఉంది సార్."

ఇంతలో రెండో తరగతి పిల్లలు వరసగా వచ్చారు. వాళ్లలో కిరణ్ కూడా ఉన్నాడు. అక్కను చూడగానే వాడి చేతులు వాటంతట అవే వీపు వెనక్కి పోయాయి.

"ఏవి, చేతులు సూపెట్టు" అంది పూర్ణిమ. చూసి నుదురు కొట్టుకుంది. "పో, నల్లా కాడ కడుక్కొని రా!"

వాడు ఉరికాడు. నీళ్లు కారే చేతులతో అంతే వేగంగా ఉరికొచ్చాడు. నేరుగా కట్లపాము పేజీ తీశాడు. తన పాత బొటనవేలి ముద్ర పక్కనే టప్పున ఒక నీటి చుక్క పడింది.

పూర్ణిమ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. జేబులోంచి రుమాలు తీసి వాడి మీదికి విసిరింది.

"ముందుగాల తుడుసుకో. ఇది విషం పాము. కనపడితే ఏం చెయ్యాల్నో కింద రాసి ఉంది. అందరికీ ఇనపడేటట్టు సదువు."

కిరణ్ చేతులు తుడుచుకుని, అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.