మూడో నంబరు కోల్డ్ రూంలో ఉన్నది

ఆ మాంసం ప్యాకింగ్ కంపెనీలో మూడో నంబరు కోల్డ్ రూం పేరెత్తితే చాలు, ఆడవాళ్ల చెయ్యి వాళ్లకు తెలియకుండానే కడుపు మీదికి పోయేదట. నేను విన్నది విన్నట్టే చెప్తున్నాను.

దాని వెనక మూలలో కడుపుతో చచ్చిపోయిన మనిషి దెయ్యమై తిరుగుతోందనేవారు. ఏడాదిలో ఇద్దరు ప్యాకింగ్ అమ్మాయిలకు కడుపు పోయింది. ఇద్దరూ ఆ గదిలో పనిచేసినవాళ్లే. ఇంకేం... ఆ మూలకి చీపురు కూడా పోవడం మానేసింది. గుమ్మంలోంచే రెండు బకెట్ల నీళ్లు విసిరి, తలుపేసేవారు.

రాత్రిపూట శుభ్రం చేసే పనికి కొత్తగా ఒకావిడ చేరింది. అదే గదిలో పగలు ప్యాకింగ్ చేసేది ఆవిడ ఆడపడుచు. ఐదో నెల.

"వదినా, పని మానేస్తాను. అది నన్నూ..."

"మానెయ్యి, తప్పులేదు. భయపడి మాత్రం మానకు. ముందు దాని మొహమేంటో నేను చూసొస్తా."

"నీకేమైనా పిచ్చా?"

"మీ అన్నతో పదేళ్లు కాపురం చేశానే! దెయ్యం నన్నేం చేస్తుంది?"

అర్ధరాత్రి దాటాక లోపలికెళ్లింది. వెనక తలుపు దానంతటదే మూసుకుంది. మూలన బల్బు ఎప్పుడో మాడిపోయింది. చేతిలో టార్చి, నోట్లోంచి పొగలా ఊపిరి...

టప్.

ఆగింది. ఎవరూ లేరు. ఇంకో అడుగు వేసింది.

టప్...

మెడ మీద ఏదో పడింది — చల్లగా, జిగటగా, ఎవరో వేలు ఆనించినట్టు.

కాళ్లు వెనక్కి లాగాయి. పళ్లు బిగబట్టి నిలబడింది.

"రావే... రా! కడుపుతో ఉన్న పిల్ల మీదికి కాదు, నా మీదికి రా!"

టార్చి పైకెత్తింది.

పైన చల్లగాలి కొట్టే ఫ్యాను. దాని కింద నీళ్లు పట్టే రేకు. రేకు నిండా నాచులాంటి జిగురు... అంచు నుంచి బొట్టుబొట్టుగా కింద మూతలేని పెట్టెలోకి పడుతోంది.

ఆ పెట్టె ఎవరిదో ఆవిడకి తెలుసు. ఉడికించి, చల్లార్చి కోసిన మాంసంలో వంకర ముక్కలు అమ్మకానికి పోవు. వాటిని పనివాళ్లకి వదిలేస్తారు. మధ్యాహ్నం మగవాళ్లెవరైనా ఆ మూల నుంచి పెట్టె బయటికి తెస్తే, అందరూ వేడి చెయ్యకుండానే తింటారు. కడుపుతో ఉన్నవాళ్లకైతే తోటివాళ్లు రెండు ముక్కలు ఎక్కువే పెడతారు — ప్రేమకొద్దీ.

పెట్టె తీసుకెళ్లి రాత్రి సూపర్‌వైజరు బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"ఇదిగో సార్, మీ దెయ్యం."

"నాలుగు డిగ్రీల చలమ్మా అక్కడ! ఏ క్రిమీ బతకదు."

"బతకదా? అయితే ఒక్క ముక్క తినండి."

"ఇప్పుడే భోంచేశాను..."

"చిన్నదే సార్. మీ మాట మీద మీకు నమ్మకం లేదా?"

ఆయన చెయ్యి కదల్లేదు. చూపు మాత్రం సొరుగు మీదికి పోయి, టక్కున తిరిగొచ్చింది. ఆవిడ అది చూసింది. ఆయన లేచేలోపే సొరుగు లాగింది.

ల్యాబ్ కాగితం. కూడబలుక్కుని చదివింది. "మూడో గది, ఫ్యాను రేకు... చలిలోనూ బతికి పెరిగే బాక్టీరియా ఉంది... గర్భిణులకు ప్రమాదం." కింద తేదీ — మొదటి అమ్మాయికి కడుపు పోవడానికి రెండు నెలల ముందుది.

"తెలిసే ఉందన్నమాట," అంది మెల్లగా. "దెయ్యం అన్న మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చింది సార్?"

ఆయన కాగితం కోసం చెయ్యి చాచాడు.

"రేకు కడిగిస్తే పోయేదానికి ఇద్దరు తల్లుల్ని ఏడిపించారు. దెయ్యానికైనా ఇంత ధైర్యం ఉండదు."

ఆ కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఇంటికెళ్లి, నిద్రపోతున్న ఆడపడుచును లేపి తిన్నగా ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ కాగితం చదివి తలెత్తింది. "జ్వరమేమైనా ఉందా?"

"లేదండీ... రెండ్రోజులుగా కాస్త ఒళ్లునొప్పులు, అంతే."

వదిన ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది.

కాలిపోతోంది.

"మందు మొదలుపెట్టండి డాక్టరమ్మా," అంది, చెయ్యి తియ్యకుండా. "ఈ బిడ్డని దానికివ్వను."