మూడు తెరల ఏడుపు

చిట్టి మాయమైంది.

మంచం మీది దుప్పటి సగం నేలకు జారి ఉంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. తలగడ పక్కన ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్ పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని చేతిరుమాలుతో ఎత్తింది.

"ఇలాంటిది ఇంకోటి ఉందా మీ చెల్లెలి దగ్గర?"

"లేదు మేడమ్. అదొక్కటే. అది లేకుండా గడప కూడా దాటదు," అంది అక్క.

ఇది అలిగి వెళ్లిపోయిన కేసు కాదు. ఆ పిల్లకు మళ్లీ ఆయాసం వచ్చేలోగా దొరకాలి. లేకపోతే దొరికేది శవమే.

పక్క గదిలోంచి ఏడుపు వినిపిస్తోంది. ఆగి ఆగి, రాగం తీసి మరీ.

వెళ్లి చూసింది. ముప్పై దాటిన మనిషి గుండ్రటి లైటు ముందు కూర్చుని, స్టాండ్లకు బిగించిన మూడు ఫోన్ల వైపు వంతులవారీగా తిరిగి ఏడుస్తున్నాడు. చిట్టి బావ. లైవ్ చూసేవాళ్లకు 'నవ్వుల బావ'. పోలీసులకు ఫోన్ చేసిన పావుగంటకే లైవ్ మొదలుపెట్టాడట.

"కట్టెయ్," అంది.

"వెతకడానికే మేడమ్. జనం షేర్ చేస్తారు కదా," అంటూ కట్టేశాడు.

"దానికి మూడెందుకు?"

బావ కళ్లు తుడుచుకున్నాడు. ముఖం వెలిగింది.

"దేని పద్ధతి దానిది మేడమ్. మొదటిదాంట్లో గిఫ్టులు. గులాబీ నుంచి సింహం దాకా. చూసేవాళ్లు కొని పంపుతారు. సగం యాప్ వాడికి, సగం మనకి. రెండోదాంట్లో మెంబర్లు, నెలనెలా కడతారు. మూడోదాంట్లో యాడ్లు. జనం ఎంతసేపు చూస్తే అంత."

"ఇప్పుడు దేంట్లో బాగా వస్తోంది?"

"గిఫ్టుల్లోనే మేడమ్. సెంటిమెంటుకి..." నాలుక కరుచుకున్నాడు.

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఇలాంటి విద్య కూడా ఒకటి వస్తుందని తెలిస్తే ఆ మాట అనడానికి కాస్త వెనకాడేవారు.

హాల్లో ఏజెంట్ కూర్చుని ఉన్నాడు. లైవ్ చేసే స్ట్రీమర్లను యాప్‌కి కుదిర్చి కమీషన్ నొక్కే మనిషి. చిట్టినీ అతనే కుదిర్చాడు. విషయం తెలిసి వచ్చాడు. ముఖంలో బాధ లేదు, విసుగుంది.

"ఆ అమ్మాయితో గొడవేమైనా ఉందా?"

"నాకేం గొడవండీ? నెలకిన్ని గంటలు లైవ్ చేస్తే బోనస్. ఈ నెలతో మానేస్తానంది. కళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం చూసుకుందట. నాకు ఇంకా నలభై మంది అమ్మాయిలున్నారు. వీళ్లకే, ఉన్నది ఇదొక్కతే."

"పొద్దున పది నుంచి పదకొండున్నర దాకా ఎక్కడున్నారు?"

"మా ఆఫీసులో, మీటింగ్‌లో. పదిమంది చూశారు."

అక్క ఆ సమయంలో బ్యాంకులో ఉంది. తిరిగొచ్చేసరికి చెల్లెలు లేదు.

"నువ్వు?"

"లైవ్‌లో ఉన్నాను మేడమ్," అన్నాడు బావ. "మూడింట్లోనూ. మూడు వేల మంది సాక్షులు! చిట్టి గదిలో పడుకుని ఉంది. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. తలుపు చప్పుడు కూడా వినలేదు."

ఇన్‌స్పెక్టర్ హెడ్ కానిస్టేబుల్‌తో పొద్దుటి లైవ్ రికార్డింగ్ పెట్టించింది. వెకిలి జోకులు. గొంతు లేని పాటలు. చూసేవాళ్లను 'నా ప్రాణాలు' అనడం. మధ్యమధ్యలో 'థాంక్యూ ఫ్రెండ్స్'. తెర మీద గులాబీలు ఎగురుతూనే ఉన్నాయి. పది నలభైకి ఒక సింహం గర్జించింది. తెరంతా బంగారు రంగైంది. బావ జుట్టు దువ్వుకుంటూ జోకు చెబుతూనే ఉన్నాడు.

"సింహం ఎంత?"

"అన్నిటికన్నా పెద్దది మేడమ్. నా జీతంలో సగం," అన్నాడు హెడ్డు బాధగా.

"నీ ఫోన్లో ఈ యాప్ ఉందా?"

"పిల్లలు వేశారు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ అతని చెవిలో ఏదో చెప్పింది. తర్వాత అక్కనూ ఏజెంట్‌నూ బావ గదిలోకి పిలిచింది.

"లైవ్ మళ్లీ పెట్టు. పోలీసులు వెతుకుతున్నారని చెప్పు."

బావకు అంతకన్నా ఏం కావాలి? లైటు వేసుకుని ఏడుపు అందుకున్నాడు. "చిట్టీ... ఎక్కడున్నావే తల్లీ..."

గుమ్మం దగ్గర హెడ్డు ఫోన్ నొక్కాడు. తెర మీద చిన్న గులాబీ ఎగిరింది.

ఏడుపు టక్కున ఆగింది.

"గులాబీకి థాంక్యూ సరదా మామయ్య గారూ! మీ మేలు మర్చిపోను!" ఆ వెంటనే ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకున్నాడు. "చిట్టీ..."

గుమ్మం దగ్గరి సరదా మామయ్య తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మూడు ఫోన్లూ కట్టేసింది.

"ఒక్క గులాబీ. దాని కోసం మరదలి మీద ఏడుపు ఆపావు. మరి పొద్దున సింహం వస్తే తల తిప్పలేదేం?"

"చూసుకోలేదు మేడమ్."

"ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషివి. నువ్వు సింహాన్ని చూడకుండా ఉంటావా? చూడలేదు, ఎందుకంటే నువ్వక్కడ లేవు. అది ముందే తీసుకున్న వీడియో. దాన్నే లైవ్‌లా వదిలావు. గంటన్నర సేపు 'థాంక్యూ ఫ్రెండ్స్' అన్నావు, ఒక్కరి పేరూ పలకలేదు. ఇవాళ ఎవరు పంపుతారో నీకు ముందే ఎలా తెలుస్తుంది?"

"పేరు పిలవకపోతే మళ్లీ పంపరు. మొదటి రోజే నేర్పిస్తాం," అన్నాడు ఏజెంట్, శిష్యుడు పరీక్ష తప్పినట్టు.

"ఆ గంటన్నరకి గిఫ్టులు ఆపేసినా నాకు అనుమానం వచ్చేది కాదు. అందుకూ మనసొప్పలేదు నీకు. చిట్టి ఎక్కడ?"

"నాకేం తెలుసు మేడమ్..."

ఇన్‌హేలర్ అతని ముందు పెట్టింది.

"ఇది మంచం మీదే ఉండిపోయింది."

బావ ముఖం పాలిపోయింది. "జేబులో ఉంటుందనుకున్నా..."

"ఈ మందు పేరు చెప్పి లైవ్‌లో మూడుసార్లు చందాలు అడిగావట. అదెక్కడుంటుందో మాత్రం తెలీదు! చెప్పు!"

చెప్పాడు. టీలో నిద్రమాత్ర. లిఫ్టులో దించి, కారులో పడుకోబెట్టి, పాత స్టూడియోలో పెట్టి తాళం వేశాడు. రెండు రోజులు వెతికే లైవ్, తర్వాత దొరికిన లైవ్. ఎవరో ఎత్తుకెళ్లారన్న భయానికి చిట్టి ఇక ఉద్యోగం మాట ఎత్తదనుకున్నాడు.

స్టూడియో మూడు వీధుల అవతల ఉంది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు స్పాంజి, తలుపుకు స్పాంజి. గాలి కూడా సరిగా రాదు. చిట్టి తలుపుకు ఆనుకుని కూలబడి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ తనే ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కింది. మళ్లీ నొక్కింది. కాసేపటికి ఛాతీ ఎగసింది. ఇన్‌స్పెక్టర్ కళ్లు తడిశాయి. ఎవరు చూస్తే ఏమని తుడుచుకోలేదు.

అక్క పరుగున వచ్చి చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం నిజమైనదే. తర్వాత జీపు పక్కన బేడీలతో ఉన్న మొగుణ్ణి చూసింది.

"చిట్టీ, కేసు వద్దే. మీ బావకి బుద్ధి లేదు. ఇంటి పరువు బజారున పడుతుంది."

రోజూ మూడు బజార్లలో పెట్టి అమ్ముకున్న పరువే అది. ఇన్‌స్పెక్టర్‌కు నవ్వు కూడా రాలేదు.

"స్టేట్‌మెంట్ ఇస్తావా అమ్మా?" అని అడిగింది.

చిట్టి అక్క వైపు చూసింది. అక్క గొంతు మారింది.

"అమ్మ పోయాక నీకు తిండి పెట్టిందెవరే?"

చిట్టి ఊపిరి కూడగట్టుకుంది.

"మొదట్లో నువ్వే అక్కా. ఈ మూడేళ్లూ మాత్రం నేనే మీ ఇద్దరికీ పెట్టాను."

అక్క చెయ్యి జారిపోయింది.

"రాసుకోండి మేడమ్," అంది చిట్టి.