ఊగే మెషీను, ఊగని నాన్న

పొద్దున్న ఆరున్నరకి మైక్రాన్ గారు కారు తుడుస్తున్నారు.

అది ఆయన అసలు పేరు కాదు. ముప్ఫై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద ఇనుము చెక్కిన మనిషి ఆయన. కొలతలో ఒక్క మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు తేడా వచ్చినా ఆ ముక్కని అవతల పారేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవారని తోటివాళ్ళు పెట్టిన పేరది. ఫ్యాక్టరీ మూతపడి ఏడాదిన్నర అయింది. పేరు మాత్రం ఆయన వెంటే ఇంటికొచ్చేసింది. టీలో పంచదార వేసుకోవాలన్నా చెంచా పైన వేలితో చదును చేసి మరీ వేసుకుంటారాయన.

కారు ఆయనది కాదు, ఆవిడది. ఆస్పత్రిలో మామూలు నర్సుగా చేరి హెడ్ నర్సు దాకా ఎదిగిన ఆయన భార్య తన సంపాదనతో కొనుక్కున్న మొదటి కారు. కాటుకలాంటి నలుపు. అది ఇంటికొచ్చిన మర్నాటినుంచీ, ఆవిడ డ్యూటీకి బయల్దేరేలోగా పొడిగుడ్డతో దాన్ని తళతళలాడించడం ఆయన పని. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే పెట్టుకున్నారు. కొత్త నర్సులకి శిక్షణ ఇవ్వడానికి ఆవిడ వేరే ఊరు వెళ్ళిన ఈ నాలుగు రోజులూ కూడా నాగా పెట్టలేదు.

కూతురు పనికి బయల్దేరుతూ గేటు దగ్గర ఆగిపోయింది. ఆమె పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో టెక్నీషియను. కట్టుడుపళ్ళకి మెరుగుపెట్టీ పెట్టీ ఆమె కంటికి ఎక్కడ గీత ఉన్నా దొరికిపోతుంది. ఏటవాలు ఎండ బానెట్ మీద పడుతోంది. అందులో మెరుస్తున్న సూర్యుడి చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు, వందలకొద్దీ.

"నాన్నా, ఇవేంటి?"

"ఏవి?"

"ఈ గీతలు."

ఆయన వంగి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు. మళ్ళీ పెట్టుకుని చూశారు. "కంపెనీవాళ్ళు సరిగ్గా చెయ్యలేదమ్మడూ. ఈ రోజుల్లో పనిమంతులెక్కడున్నారు?"

కూతురు సంచిలోంచి భూతద్దం తీసింది. బానెట్ అంతా వెతికి, నెమ్మదిగా నిలబడింది.

"అన్నీ విల్లులా వంగి ఉన్నాయి. ఒక చెయ్యి ఎంత దూరం చాపగలదో అంత పొడవు. పైగా ఎడమచేతి వాటం."

మైక్రాన్ గారు ఎడమచేతిలోని గుడ్డని గబుక్కున కుడిచేతిలోకి మార్చుకున్నారు. "వీధిలో ఎడమచేతివాళ్ళం నేనొక్కణ్ణేనా?"

"దుమ్ము మీద పొడిగుడ్డ వేసి రుద్దుతున్నారు నాన్నా. అది గరుక్కాయితంతో రుద్దినట్టే."

ఆయన ముఖం పాలిపోయింది. ఆరు నెలలుగా రోజూ ప్రాణం పెట్టి తుడిచింది తనే, గీసింది కూడా తనే! "మీ అమ్మ శనివారం వచ్చేలోపు దీన్ని బాగుచెయ్యాలి," అన్నారు గొంతు తగ్గించి. ఆవిడ ఎక్కడో మూడొందల మైళ్ళ అవతల ఉందన్న సంగతి కూడా మర్చిపోయి.

ఆ సాయంత్రం ఇద్దరూ కార్ల సామాన్ల దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు బల్లమీద రెండు పాలిషింగ్ మెషీన్లు పెట్టాడు.

"ఇది రోటరీ సార్. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. పని త్వరగా అవుతుంది, కానీ వేడెక్కుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళకే ఇస్తాను. ఇది డ్యూయల్ యాక్షన్. తిరుగుతూ ఊగుతుంది. నిదానం గానీ, కొత్తవాళ్ళు వాడినా పెయింటుకి ప్రమాదం తక్కువ."

మైక్రాన్ గారు రెండోదాన్ని చేతిలోకి తీసుకుని మీట నొక్కారు. ప్యాడ్ గడగడలాడింది. చేతిలోకి పాము వచ్చినట్టు ఠక్కున ఆపేశారు.

"దీని బేరింగ్ పోయింది."

"లేదు సార్, అది అలాగే ఊగుతుంది."

"కొత్తదే ఊగుతుందా?"

"ఊగడానికే చేశారు సార్."

ఆయన మెషీన్‌ని బల్లమీద పెట్టేశారు. "బాబూ, నేను ముప్ఫై నాలుగేళ్ళు మెషీన్ ఊగకుండా చూసుకుని బతికాను. ఊగితే జీతం కోసేవాళ్ళు. ఇప్పుడు నన్ను ఊగేదాన్ని కొనుక్కోమంటావా?"

కూతురు కల్పించుకుంది. "ఊగితేనే వేడి ఒకచోట నిలవదు నాన్నా. మా ల్యాబ్‌లో కూడా ఒక్కచోట ఎక్కువసేపు ఆనిస్తే పళ్ళ సెట్టు కాలిపోతుంది. బానెట్ అంచుల దగ్గర పెయింట్ ఇంకా పల్చగా ఉంటుంది. మనకి ఇదే మంచిది."

"నువ్వు చిగుళ్ళ సంగతి చూసుకో అమ్మడూ. మెషీన్ల సంగతి నాకు చెప్పకు."

దుకాణదారు నవ్వు దాచుకోవడానికి కిందకి వంగి లేని సామానేదో వెతికాడు. కూతురు నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. ఇంక నేనేం చెప్పను," అని బయటికి వెళ్ళి నిలబడింది.

ఆయన రోటరీ కొన్నారు. దారంతా ఇద్దరి మధ్యా ఆ డబ్బా ఒక్కటే కూర్చుంది.

శుక్రవారం కూతురు పనికి వెళ్ళగానే మైక్రాన్ గారు రంగంలోకి దిగారు. కారు కడిగారు, అద్దాలకి కాగితాలు అంటించారు, పేస్టు రాసి మెషీన్ ఆన్ చేశారు. బానెట్ మధ్యలో మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో అక్కడ గీతలన్నీ మాయం! అందులో ఆయన ముఖం, ముక్కులో వెంట్రుకతో సహా, స్పష్టంగా కనిపించింది. చిన్నపిల్లాడిలా పొంగిపోయారు. "చిగుళ్ళట!" అని గట్టిగా నవ్వుకున్నారు కూడా.

ఆ నవ్వులోనే చెయ్యి బానెట్ అంచు మీదికి పోయింది. ఒక్క క్షణం అక్కడ నిలిచింది.

చిరువాసన తగిలింది. మెషీన్ ఎత్తి చూస్తే తెల్లటి ప్యాడ్ మీద నల్లటి మరక. బానెట్ అంచున అరచేతి మేర నలుపు పోయి, కింది బూడిదరంగు బయటపడింది.

లోపలికి పరుగెత్తి బూటు పాలిష్ తెచ్చి రాశారు. దానికంటే రాయకముందే నయంగా ఉంది. అది తుడిచేసి, ఏం చెయ్యాలో తోచక కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతుంటే గేటు చప్పుడైంది.

"ఏమండీ! క్లాసులు ఒకరోజు ముందే అయిపోయాయి," అంటూ ఆవిడ పెట్టెతో లోపలికొచ్చింది.

ఆయన ఎడమచెయ్యి తనంతట తనే వెళ్ళి ఆ మచ్చని కప్పేసింది.

"రా, రా," అన్నారు, కదలకుండా.

"పెట్టె అందుకోరా?"

"నువ్వే తెచ్చుకో. నడుం పట్టేసింది."

ఆవిడ పెట్టె లోపల పెట్టి, టీ తెచ్చి ఇచ్చింది. ఆయన కుడిచేత్తో తాగారు. స్నానం చేసి వచ్చింది. ఆయన అక్కడే ఉన్నారు. కుర్చీ తెచ్చి వేస్తే ఒక చెయ్యి బానెట్ మీదే ఉంచి, పక్కకి ఒరిగి కూర్చున్నారు. ఐదున్నరకి కూతురు వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. తండ్రి చెయ్యి కారు మీద, తల్లి కళ్ళు ఆ చేతి మీద.

"మీ నాన్న రెండు గంటలుగా కారుకి అంటుకుపోయి ఉన్నారే," అంది తల్లి. "ఏమండీ, చెయ్యి తియ్యండి."

"ఎందుకూ?"

"తియ్యండి."

ఇరవై ఎనిమిదేళ్ళుగా మొండి రోగుల చేత మందులు మింగించిన గొంతు అది. చెయ్యి లేచింది.

తండ్రి పెదవులు వణకడం కూతురు చూసింది. దుకాణంలో మాటకి మూడు రోజులుగా రగులుతున్న కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

"నేనే అమ్మా," అంది. "మెషీన్ ఎలా ఉంటుందో చూద్దామని…"

"కాదు!" మైక్రాన్ గారు లేచి నిలబడ్డారు. "ఈ మెషీన్ వద్దు, ఊగేది కొందామని అమ్మాయి చెబితే విన్నానా? అంచులు జాగ్రత్త అని కూడా చెప్పింది. పరాయివాడి ముందు దాని నోరు మూయించి వచ్చాను. ఇదొక్కటే కాదు, కారు నిండా ఉన్న గీతలు కూడా నేను గీసినవే. రోజూ తుడుస్తున్నాననుకున్నాను. తిట్టు, పడతాను."

"గీతల సంగతి నాకు రెండో నెలలోనే తెలుసు," అంది ఆవిడ.

"తెలుసా? మరి చెప్పలేదేం?"

ఆవిడ చీర కొంగుతో బానెట్ మీద దుమ్ము దులపబోయి, ఆగి, కొంగు వెనక్కి తీసుకుంది.

"ఫ్యాక్టరీ మూసేశాక ఏడాది పాటు మీరెలా ఉన్నారో గుర్తుందా? నేను డ్యూటీకి వెళ్ళేటప్పుడు గోడవైపు తిరిగి పడుకునేవారు. వచ్చేసరికి అలాగే ఉండేవారు. అన్నం తిన్నారో లేదో గిన్నెలు చూసి తెలుసుకునేదాన్ని. కారొచ్చిన మర్నాడు నాకంటే ముందు లేచారు. కిటికీలోంచి చూశాను, ఈల వేస్తూ తుడుస్తున్నారు. గీతలు పడితే పడ్డాయిలే అనుకున్నాను. నాకు ఆ ఈల కావాల్సొచ్చింది."

మైక్రాన్ గారు తల తిప్పుకున్నారు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"పొడిగుడ్డతో తుడవకండి నాన్నా, గీతలు పడతాయి," అంది కూతురు ముక్కు ఎగబీలుస్తూ. ముగ్గురికీ ఏడుపులోనే నవ్వొచ్చేసింది.

"నవ్వుతున్నానని వదిలేశాననుకోకండి," ఆవిడ వెంటనే గొంతు మార్చింది. "ఈ మచ్చ చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోంది. జ్వరమొచ్చినవాణ్ణి తిన్నగా ఆపరేషన్ బల్లెక్కిస్తామా? ముందు తక్కువ మందిచ్చి చూస్తాం. రేపు ఆ ఊగేది తెండి. కొనేది మీరు, ఎలా చెయ్యాలో చెప్పేది అమ్మాయి. మీరు నోరెత్తడానికి వీల్లేదు."

"ఇంక నేను కారు ముట్టుకోను," అన్నారాయన.

"ముట్టుకోకపోతే ఊరుకుంటానా? ముందు నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో తుడుస్తారు. రోజూ."

ఆయన కూతురి వైపు తిరిగారు. "చిగుళ్ళ మాట అనకుండా ఉండాల్సింది అమ్మడూ."

"అవును, అనకుండా ఉండాల్సింది," అందామె. అంతటితో ఆ సంగతి ముగిసింది.

బానెట్‌కి రంగులు వేసే షెడ్డులో మళ్ళీ నలుపు వేయించారు. మిగతా కారంతా రెండు ఆదివారాలు పట్టింది. మొదటిరోజు ఆ ఊగే మెషీన్ మైక్రాన్ గారి చేతిలో మాటిమాటికీ తిరగడం ఆపేసింది.

"గట్టిగా నొక్కుతున్నారు నాన్నా. నొక్కితే ఆగిపోతుంది. అందుకే కాలదు."

"నొక్కకపోతే పనెలా అవుతుందే?"

"దాని బరువు చాలు. మీరు ఊరికే దారి చూపించండి."

ఆయన చెయ్యి వదులు చేశారు. మెషీన్ కూనిరాగం తీస్తూ కదిలింది. ఒక్కో గీతా నిదానంగా, బతిమాలించుకుని మరీ పోయింది. తర్వాత ఆవిడ చీర బిగించి వచ్చి ఒక తలుపు నేను చేస్తానంది. అందరికంటే బాగా చేసింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆయనకి మధ్యాహ్నం దాకా పట్టింది.

రెండో ఆదివారం ఎదురింటాయన వచ్చి కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. "అబ్బ! షోరూమ్‌లోంచి ఇప్పుడే దింపినట్టుంది. మీ చెయ్యి పడిందంటే ఆ మాత్రం ఉండదా మరి!"

కూతురు పేస్టు డబ్బా మూత బిగిస్తోంది. తల ఎత్తలేదు.

"నాది కాదండీ, మా అమ్మాయి చెయ్యి," అన్నారు మైక్రాన్ గారు. కాస్త ఆగారు. ఉండబట్టలేకపోయారు. "మెషీన్ వైరు మాత్రం నేనే పట్టుకున్నాను. ఎక్కడా కారుకి తగలనివ్వలేదు."